నీటిలో దిగనివారి బీదరు

(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



నన్ను మాట్లాడమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, ఏ విషయం మీద మాట్లాడమంటారని అడిగాను. "మీకు తెలిసినదేదైనా సరే, అరగంట మాత్రం దాటకూడదు" అన్నారు. రైల్వే గుమాస్తాకు టైము సంగతి ఒకరు చెప్పనక్కరలేదు గాని, తెలిసిన విషయం అనేసరికి చిక్కు వచ్చిపడింది. నేను మెట్రిక్ వరకే చదువుకున్నవాణ్ణి. సాహిత్యం మీద మాట్లాడడానికి మనలో పండితులున్నారు. రాజకీయాల మీద మాట్లాడడానికి అందరూ ఉన్నారు. అందుచేత, ఎనిమిదేండ్లుగా ఈ ఊరి స్టేషనులో బల్ల వెనుక కూర్చుని నేను చూస్తూ వచ్చిన ఒక చిన్న సంగతినే విషయంగా తీసుకున్నాను. అది శీతకాలంలో మన ఇండ్లకు వచ్చే చుట్టాలు బీదరులో గడిపే శని, ఆదివారాల సంగతి.

కార్తీకం వెళ్ళి మార్గశిరం ప్రవేశించిందంటే మన ఇండ్లకు ఉత్తరాలు, ఇప్పుడైతే ఫోనులు, మొదలవుతాయి. హైదరాబాదునుంచి, గుంటూరునుంచి, రాజమండ్రినుంచి చుట్టాలు బయలుదేరుతారు. శనివారం మధ్యాహ్నం దిగుతారు, ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం. దిగీ దిగగానే అడిగే మాట ఒకటే: "ఝరణికి ఎప్పుడు వెళ్దాం?"

ఝరణి నరసింహస్వామి సంగతి మీకందరికీ తెలిసినదే అయినా, కొత్తగా బదిలీమీద వచ్చిన వారికోసం రెండు మాటలు చెబుతాను. కొండను తొలిచిన సొరంగంలో సుమారు మూడు వందల మీటర్ల దూరం నీటిలో నడిచి వెళ్ళాలి. నీరు నడుము దాటి రొమ్ముదాకా వస్తుంది. పైన గబ్బిలాలు. చివర స్వామి దర్శనం. చంటిపిల్లలను భుజాలమీద ఎక్కించుకుని పోయేవారు కూడా ఉన్నారు. నీటిమట్టాన్ని బట్టి లోపలికి పంపని రోజులూ ఉంటాయి గనుక ముందుగా విచారించుకుని వెళ్ళడం మంచిది. ఇటువంటి దర్శనం మరొకచోట దొరకడం అరుదు. వెళ్ళగలిగినవారు వెళ్ళి తరిస్తున్నారు, చాలా సంతోషం.

నేను మాట్లాడదలచినది వెళ్ళలేనివారిని గూర్చి.

ఏ కుటుంబాన్ని చూచినా, పదిమంది వస్తే అందులో ముగ్గురో నలుగురో నీటిలో దిగనివారే. మోకాళ్ళ నొప్పుల అమ్మగారు, ఉబ్బసం ఉన్న పెదనాన్నగారు, నెలలు నిండిన కోడలు, బాలింత, చీకటంటే గడగడ వణికే పిల్ల. వీరందరికీ మనం ఇచ్చే పని ఏమిటి? చెప్పుల కాపలా. పది జతల చెప్పులు, సెల్‌ఫోనులు, గడియారాలు, కళ్ళజోళ్ళు, పొడిబట్టల సంచి, అన్నీ వీరి ముందు పోసి "ఇప్పుడే వచ్చేస్తాం" అని తక్కినవారు లోపలికి పోతారు. శీతకాలపు ఆదివారం ఝరణి దగ్గర వరుస ఎంత ఉంటుందో మీరెరుగుదురు. ఆ ఇప్పుడే అన్నది రెండు గంటలు కావచ్చు, మూడు గంటలు కావచ్చు. తడిసినవారు వణుకుతూ, నవ్వుతూ బయటికి వచ్చి, లోపలి విశేషాలు చెప్పుకుంటూ భోజనం చేసి, రైలెక్కుతారు. కాపలావారు కూడా రైలెక్కుతారు.

మా అత్తగారు తెనాలి దగ్గరి పల్లెనుంచి మూడు శీతకాలాలు వరుసగా వచ్చారు. మూడుసార్లూ ఆ మెట్లమీదనే కూర్చున్నారు. ఊళ్ళో ఇరుగుపొరుగు అమ్మలక్కలు "బీదరు ఎట్లా ఉంది వదినా?" అని అడిగితే, "ఏముందమ్మా, మెట్లు చూశాను, చెప్పులు చూశాను" అన్నారట. ఆమె హాస్యానికే అన్నారు. కాని ఆ మాట మా ఇంటికి చేరినప్పుడు మా ఆవిడ నవ్వలేదు. డెబ్బై దాటిన మనిషి, పగలూ రాత్రీ ప్రయాణం చేసి కూతురి ఊరు చూడడానికి వస్తే చూచినది ఇది. ఇంకా ఎన్ని శీతకాలాలు ఆమెకు ఆ ప్రయాణం చేసే ఓపిక ఉంటుంది? ఈ లెక్క ఏ గుమాస్తా వేయలేడు.

మహాశయులారా, ఈ చిక్కు బీదరుకే వచ్చినది కాదు. ఏ ఊరికి ఒక్క పేరు గట్టిగా వస్తుందో, ఆ పని చేయలేనివారికి ఆ ఊళ్ళో చోటు లేకుండా పోతుంది. మంచుకొండల ఊళ్ళనే తీసుకోండి. కాశ్మీరంలో గుల్మార్గు, ఉత్తరాఖండంలో ఔలి అనే చోట్ల కాళ్ళకు పొడుగాటి పట్టీలవంటి పలకలు బిగించుకుని మంచుమీద జారే ఆట ఉంది. స్కీయింగు అంటారు. ఆ ఆట రానివాడు శీతకాలంలో అక్కడికి వెళ్ళి ఏం చేస్తాడు అని మనవాళ్ళు అడుగుతారు. చేయడానికి చాలా ఉంది. గుల్మార్గులో తీగెమీద వ్రేలాడుతూ పోయే గండోలా అనే బండి ఉంది. మొదటి దశ 1998లో, రెండవ దశ 2005లో వచ్చాయి. అందులో ఎక్కి మంచు చూచి దిగివచ్చేవారిలో జారే ఆట ఎరుగనివారు ఎందరో. సిమ్లాకు 1903లో వేసిన కాల్కా చిన్నబండి మార్గం ఉంది. వందకు పైగా సొరంగాలు దాటుకుంటూ పోయే ఆ మార్గాన్ని 2008లో ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చారు. రైల్వేవాణ్ణి గనుక చెబుతున్నాననుకోకండి, ఆ బండి కిటికీ దగ్గర కూర్చోవడమే ఒక యాత్ర.

ఇంకొక ముచ్చట. స్విట్జర్లాండులో సెయింట్ మోరిట్జ్ అనే ఊరుంది. వేసవిలోనే తెల్లవారు అక్కడికి వెళ్ళేవారట. 1864లో బద్రుట్ అనే హోటలు యజమాని, వేసవి ముగించుకుని వెళ్ళిపోతున్న ఇంగ్లీషు అతిథులతో పందెం వేశాడని చెబుతారు: "శీతకాలంలో రండి, మా ఊరి ఎండ మీకు నచ్చకపోతే మీ ఖర్చులు నావి." వారు వచ్చారు, నచ్చింది, వసంతం దాకా ఉండిపోయారు. జారే ఆట ఆ కొండలలో వ్యాపించినది ఆ తర్వాత చాలా ఏండ్లకు. అంటే శీతకాలపు యాత్ర అనేది మొదలైనదే ఆట ఆడనివారితో. ఎండలో కూర్చున్నారు, నడిచారు, కబుర్లు చెప్పుకున్నారు. మన ఆంధ్రదేశంలో లంబసింగి సంగతి చూడండి. అక్కడ ఏ ఆటా లేదు. తెల్లవారుజామున పొగమంచు చూడడానికే జనం విరగబడి పోతున్నారు.

మరి మన బీదరు మాటేమిటి? మంచు పడకపోవచ్చు గాని, సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైనున్న పీఠభూమి మనది. కర్ణాటకంలో శీతకాలపు చలికి పేరుబడ్డ ఊళ్ళలో ఒకటి. పుష్యమాసపు తెల్లవారుజామున పది డిగ్రీల దరిదాపులకు దిగే రోజులుంటాయి. పది గంటలకు మాత్రం పాలవంటి ఎండ కాస్తుంది. కోస్తానుంచి వచ్చిన పెద్దవారికి ఆ ఎండే ఒక విందు. ఆ ఎండలో రెండు రోజులు నీటిలో దిగకుండా ఏమేం చేయవచ్చునో, మా ఇంట రెండు శీతకాలాలు నడిపి చూచిన పద్ధతి చెబుతాను. దోషాలుంటే పెద్దలు సవరించండి.

శనివారం మధ్యాహ్నం చుట్టాలు దిగగానే ఎక్కడికీ పరుగెత్తవద్దు. భోజనం పెట్టి గంటసేపు నడుం వాల్చనివ్వండి. మూడున్నరకు బయలుదేరి పాత ఊరి నడుమనున్న చౌబారా దగ్గరకు వెళ్ళండి. డెబ్బైయొక్క అడుగుల గుండ్రని బురుజు అది. నాలుగు దారులు కలిసేచోట నిలబడి వచ్చేపోయేవారిని కనిపెట్టడానికి కట్టినది. పెద్దవారు ఎక్కనక్కరలేదు, క్రింద నిలబడి చూస్తే చాలు. అక్కడికి సమీపంలోనే మహమూద్ గవాన్ కట్టించిన మద్రసా ఉంది. ఎక్కే మెట్లు తక్కువ, కూర్చోవడానికి పచ్చిక ఉంది.

ఈ గవాన్ కథ పిల్లలకు తప్పక చెప్పండి. ఆయన కూడా మనవంటి ప్రవాసియే. పారశీక దేశంలోని గీలాన్ నుంచి వ్యాపారానికి వచ్చి, బహమనీ సుల్తానుల కొలువులో మంత్రి అయ్యాడు. 1472లో ఈ కళాశాల కట్టించాడు. మూడంతస్తుల కట్టడం. మూడువేల గ్రంథాల భాండాగారం ఉండేదంటారు. దూరదేశాలనుంచి పండితులను రప్పించి, విద్యార్థులకు భోజనం, వసతి ఉచితంగా ఏర్పాటు చేశాడు. ఆయన మీద అసూయ పడినవారు, ఆయన ముద్ర వేసిన ఒక తెల్లకాగితం సంపాదించి దానిమీద ద్రోహపు ఉత్తరం వ్రాసి సుల్తానుకు చూపించారు. విచారణ లేకుండా 1481లో ఆయనకు మరణశిక్ష పడింది. ఆ తర్వాత కొద్దికాలానికే ఆ రాజ్యం ముక్కలు చెక్కలైంది. గుమాస్తాలమైన మనకు ఇందులో ఒక నీతి ఉంది: ఖాళీ కాగితం మీద ముద్ర వేయరాదు! ఇటువైపు ఒక మీనారు నిలిచి ఉంది, అటువైపుది లేదు. మొగలాయీల కాలంలో, పదిహేడవ శతాబ్దం చివర, లోపల నిలవచేసిన తుపాకిమందు పేలి సగం కట్టడం కూలిపోయింది. మిగిలిన గోడమీద నీలం, తెలుపు, పసుపు రంగుల పెంకులు సాయంకాలపు ఎండలో మెరుస్తాయి. ఆ మెరుపు చూడడానికే నాలుగు గంటలకు చేరాలన్నాను.

అక్కడినుంచి బిద్రీ పనివారి అంగళ్ళకు పోవచ్చు. కొనమని నేను చెప్పడం లేదు, మన జీతాలు నాకు తెలుసు. పని చూడమంటున్నాను. తుత్తునాగము పదహారు పాళ్ళు, రాగి ఒక పాలు ఇంచుమించుగా కరిగించి పోత పోస్తారు. దానిమీద ఉలితో సన్నని గాళ్ళు తొలిచి, వెండితీగెను, వెండిరేకును ఆ గాళ్ళలో సుత్తితో కొట్టి బిగిస్తారు. అప్పటికి అది బూడిదరంగు వస్తువే. వెండి ఎక్కడున్నదో కూడా సరిగా కనపడదు. చివరికి కోటలోని పాతమట్టిని నవాసాగరంతో కలిపి వేడి వస్తువుమీద రుద్దుతారు. లోహమంతా కాటుకవలె నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. ఎండావానా తగలని చోటి పాతమట్టే పనికి వస్తుందట, దానిని నాలుకతో రుచిచూచి ఎంచుకునేవారున్నారు. ఈ పనికి 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఈ ఊరి పనివాడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి పద్మశ్రీ ఇచ్చారు. మా అత్తగారు ఒక అంగట్లో పీటమీద కూర్చుని గంటసేపు ఆ సుత్తిదెబ్బలు చూశారు. ఆమె తండ్రిగారు కంసాలి పని ఎరిగినవారు. "మా నాన్న కూడా ఇట్లాగే ఊపిరి బిగపట్టి కొట్టేవాడు" అన్నారు. ఆ ముసలి పనివాడు తెలుగు ఎరుగడు, ఈమె ఉర్దూ ఎరుగదు. అయినా గంట గడిచింది. వచ్చేటప్పుడు ఆయన ఆమెకు టీ ఇప్పించాడు.

ఆదివారం ఉదయం అష్టూరుకు. ఊరికి తూర్పున మూడు కిలోమీటర్ల లోపే. పెద్దవారిని ఏడున్నరకు ముందు బయటికి తీయవద్దు, చెవులకు మఫ్లరు చుట్టండి. పొలాల మధ్య వరుసగా గుమ్మటాలు, వాటి చుట్టూ కరిగిపోతున్న పొగమంచు. చూడడానికి టిక్కెట్టు పెట్టదగిన దృశ్యం అది. అందులో అహమ్మద్ షా వలీ సమాధి ముఖ్యం. గుల్బర్గానుంచి రాజధానిని బీదరుకు మార్చిన సుల్తాను ఈయనే, 1420ల కాలంలో. లోపల పైకప్పు నిండా రంగుల చిత్రాలు, అక్షరాల పని. లోపలికి పోగానే ఏమీ కనపడదు. కన్ను చీకటికి అలవాటు పడేదాకా నిలబడితే, ఎరుపు, బంగారు వన్నెలు ఒకటొకటిగా పైకి తేలుతాయి. ఈయన్ను ముస్లిములు వలీ అని, లింగాయతులు అల్లమ ప్రభువు అంశ అని కొలుస్తారు. హోళీ రోజులలో జరిగే ఉరుసుకు ఒక జంగమస్వామి ఊరేగింపుగా వచ్చి ముందు నిలుస్తాడు. ఇది పుస్తకంలోని సంగతి కాదు, ఏటా జరిగేదే.

అదే వరుసలో హుమాయూన్ షా సమాధి ఉంది. మూడేండ్లే ఏలి 1461లో చనిపోయిన ఈయనకు ప్రజలు పెట్టిన పేరు జాలిం, అంటే క్రూరుడు. పిడుగుపడి సమాధి చీలిందంటారు. సగం గుమ్మటం కూలి, తక్కిన సగం కోసిన గుమ్మడికాయవలె నిలిచి ఉంది. దేవుడే శిక్షించాడని పెద్దలు కథ చెబుతారు. నేను మా పిల్లవాడికి కథతోబాటు గోడ లావు కూడా చూపించాను. గుమ్మటం ఎట్లా కడతారో తెలుసుకోవాలంటే చీలిన గుమ్మటాన్ని మించిన పాఠం లేదు. ఈ కట్టడాలన్నిటినీ కొలిచి, వివరించి 1947లో ఇంగ్లీషులో పెద్దగ్రంథం వ్రాసినవారు నైజాం పురావస్తుశాఖ డైరెక్టరుగా పనిచేసిన గులాం యజ్దానీగారు. ఆ గ్రంథం ఒక ప్రతి మన సంఘ గ్రంథాలయానికి ఉండవలసినది అని మనవి.

తిరుగుదారిలో శీతకాలపు తిండి ఉంది. పచ్చజొన్న కంకిని నిప్పుమీద కాల్చి అరచేతిలో నలిపి ఊదితే వచ్చే లేతగింజలు. మన తెలంగాణవారు ఊసబియ్యం అంటారు, ఇక్కడ కన్నడంలో సీతని అంటారు. మొక్కతో సహా అమ్మే పచ్చిశనగలు, ఉడికించిన కందికాయలు. బీదరు కందులకు పేరుపడ్డ నేల గదా. కోస్తావారికి కందిపప్పు తెలుసుగాని కందికాయ వలుచుకు తినడం చాలామందికి కొత్త. మార్గశిరం చివరి అమావాస్యనాడు వచ్చినట్టయితే ఇంకా భాగ్యం. ఆ రోజు ఈ ప్రాంతపు రైతు ఇండ్లవారందరూ పొలానికి పోయి, పూజ చేసి, చేనులో చల్లి, పప్పులూ ఆకుకూరలూ కలిపి వండిన భజ్జిని సజ్జరొట్టెలతో అక్కడే తింటారు. ఎళ్ళ అమావాస్య అంటారు. ఎరిగిన రైతు ఒకడుంటే చాలు, మిమ్మల్ని తినకుండా పంపడు. ఆ విందులో నీటిలో దిగినవాడెవడు, దిగనివాడెవడు అని అడిగేవారు లేరు.

పదకొండు గంటలకు నానక్ ఝీరా. పదహారవ శతాబ్దపు మొదటి భాగంలో గురునానకులు ఈ ఊరికి వచ్చినప్పుడు ఇక్కడి నీరు ఉప్పనై జనం బాధపడుతుంటే, ఆయన పాదంతో రాయి తొలగించగా తియ్యని ఊట వచ్చిందని సిక్కుల విశ్వాసం. ఆ ఊట నేటికీ పారుతున్నది. 1699లో గురుగోవిందసింగు పిలిచిన పిలుపుకు తల ఇస్తామని నిలబడ్డ పంచప్రియులలో ఒకరైన భాయి సాహిబ్ సింగు ఈ బీదరువాడే, మంగలి కులంలో పుట్టినవాడు. తలకు గుడ్డ కట్టుకుని, కాళ్ళు కడుక్కుని లోపలికి పోవచ్చు. ఎవరినీ ఏమీ అడగరు. లంగరులో వరుసగా కూర్చోబెట్టి రొట్టె, పప్పు పెడతారు. క్రింద కూర్చోలేని ముసలివారికి వేరే వసతి చూపిస్తారు.

ఇక్కడ నేను చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. గురుద్వారాలలో చెప్పులు భద్రపరచే చోట చాలాసార్లు జీతగాండ్రు కాక సేవకులుంటారు. పెద్ద పెద్ద ఉద్యోగస్థులు, వ్యాపారస్థులు కూడా వంతులు వేసుకుని వచ్చి, ఎవరెవరివో చెప్పులు తమ చేతులతో అందుకుని, తుడిచి, అరలో పెడతారు. అక్కడ అది గొప్ప సేవ. చెప్పుల కాపలా నీచమైన పని అని నేను అనడం లేదు. కోరి చేస్తే అది సేవ, ఎప్పుడూ ఒకరినే చేయిస్తే అది శిక్ష. ఈ భేదం ఆ తలుపు దగ్గర నిలబడి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. మా అత్తగారు తన చెప్పులు ఒక గడ్డపు పెద్దమనిషి వంగి అందుకుంటే సిగ్గుపడి వెనక్కి తీసుకున్నారు. ఆయన నవ్వి మళ్ళీ చెయ్యి చాచాడు.

మధ్యాహ్నం విశ్రాంతి తర్వాత కోట. కోట అనగానే పెద్దవారు భయపడతారు. అంతా తిరగనక్కరలేదు. రాతిలో తొలిచిన మూడు వరుసల కందకాన్ని వంతెన మీదనుంచి చూడండి. 1503లో కట్టిన శర్జా దర్వాజామీద పులి బొమ్మలు పిల్లలకు చూపించండి. గుంబజ్ దర్వాజా దాటగానే రంగీన్ మహలు. నల్లరాతిలో ముత్యపుచిప్ప పొదిగిన పని అందులో ఉంది. తరచు తాళం వేసి ఉంటుంది. పురావస్తు శాఖ సిబ్బందిని మర్యాదగా అడిగితే చూపిస్తారు. కొంచెం ముందుకు పోతే పదహారు స్తంభాల మసీదు, తోట. ఆ తోటలో పెద్దవారిని ఎండకు కూర్చోబెట్టండి. పిల్లలు, పడుచువారు పైకి పోయి బురుజులు చూచి వస్తారు. ఇక్కడ కూడా ఒక నియమం: పెద్దవారి దగ్గర ఒకరు కూర్చోవాలి. ప్రతి చోటా ఆ ఒకరు మారాలి.

మరి ఝరణి మాట? మానమని నేను అనలేదు. ఆదివారం తెల్లవారుజామున, వరుస పెరగకముందే, దిగదలచినవారు వెళ్ళి రావచ్చు. తక్కినవారు ఇంట్లో వెచ్చగా కాఫీ తాగుతూ ఉంటారు. చెప్పులకు మనిషి ఎందుకు? పాతచెప్పులు వేసుకుని పోండి, లేదా బండిలో పెట్టి తాళం వేయండి. ఇంతకాలం మనం పది జతల చెప్పులకు ఒక తల్లిని కాపలా పెట్టాము. లెక్క చూచుకుంటే ఆ బేరం ఏ వర్తకుడూ ఒప్పుకోడు.

దేవుని ఊరికి పోయి దర్శనం చేసుకోకుండా వస్తే పుణ్యమేమిటి అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను పండితుణ్ణి కాను గాని, నాకు తోచినది మనవి చేస్తాను. నీటిలో దిగలేని ముసలి తల్లికి ఆ సొరంగం ముందు పెట్టిన నమస్కారం స్వామికి అందదా? అందుతుందని మనకు నమ్మకం ఉంటే, ఆమెకు ఆ నమస్కారం అయిన తర్వాత మూడు గంటలు మెట్లమీద కూర్చోవలసిన అవసరమూ లేదు.

చివరికి మన సంగతి. చుట్టాలు రెండు రోజులు ఉండి పోతారు. మనం? బదిలీమీదనో, వ్యాపారంమీదనో వచ్చి, పదేండ్లయినా వెయిటింగు హాలులో కూర్చున్న ప్రయాణీకులవలె ఉన్నాము. పెట్టె విప్పము, ఊరు చూడము. మన పిల్లలను "మీది ఏ ఊరు?" అంటే తాము ఒక్క వర్షాకాలమైనా గడపని పల్లె పేరు చెబుతారు. బడిలో నేర్చేది కన్నడం, వీధిలో ఉర్దూ, ఇంట్లో తెలుగు. మూడు భాషలు వచ్చినా ఊరు లేని పిల్లలవుతారేమో అని నా భయం.

నిజానికి ఈ ఊరు మనకు అంత పరాయిది కాదు. బీదరు పేరు కన్నడపు బిదిరునుంచి వచ్చిందని కొందరంటారు. బిదిరు, మన వెదురు, ఒకే మాట. విదురుని ఊరని మరికొందరంటారు, ఆ విదురుడూ మనకు చుట్టమే. ఓరుగల్లును పడగొట్టిన 1323 నాటి ఢిల్లీ దండయాత్రలో బీదరు కూడా పట్టుబడింది. 1956 నవంబరు ఒకటిన రాష్ట్రాలు విడదీసినప్పుడు, పాత బీదరు జిల్లాలోని జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతాలు ఆంధ్రప్రదేశానికి, ఉద్గీరు, నిలంగా తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి, బీదరు మైసూరు రాష్ట్రానికి వెళ్ళాయి. ఒక జిల్లా మూడు ఇండ్లుగా పంచబడింది. వికారాబాదు, జహీరాబాదులమీదుగా వచ్చే మన రైలుమార్గం 1930 ప్రాంతంలో నైజాం కాలంలో వేసినది. అది ఆ పంపకాన్ని లెక్కచేయక ఇప్పటికీ అదే బండిలో తెలుగువారిని, కన్నడిగులను, మరాఠీలను కూర్చోబెట్టుకుని వస్తున్నది. 2017 అక్టోబరులో కలబురగి మార్గం కూడా తెరిచారు గనుక ఇప్పుడు అటునుంచీ చుట్టాలు రావచ్చు. ఆతిథ్యానికి సిద్ధంగా ఉండండి!

కార్యవర్గానికి నా మనవి ఒకటే. వచ్చే శీతకాలంలో, ఒక ఆదివారం, మన సంఘం తరపున ఒక బస్సు పెట్టండి. అందులో మొదటి సీట్లు ఇంతకాలం చెప్పుల దగ్గర కూర్చున్నవారికి ఇవ్వండి. అష్టూరు, నానక్ ఝీరా, కోట, ఈ మూడు చాలు. ఖర్చు తలా ఎంత పడుతుందో లెక్క వేసి నేను కార్యదర్శిగారికి అందజేస్తాను. బస్సు వద్ద పేర్లు వ్రాసుకునే పని కూడా నాదే.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. కిందటి మాఘంలో మా అత్తగారు ఊరికి తిరిగి వెళ్ళిన తర్వాత, పక్కింటివారు మళ్ళీ అడిగారట. ఈసారి ఆమె గంటసేపు చెప్పారట: చీలిన గుమ్మటం, నల్లని చెంబుమీద వెండిపువ్వు, కందికాయలు, తన చెప్పులు అందుకున్న గడ్డపు పెద్దమనిషి. విన్నవారిలో ఇద్దరు ఈ శీతకాలానికి వస్తామని కబురు చేశారు. వారిద్దరికీ కూడా మోకాళ్ళ నొప్పులే.

ఈ కొత్త సంవత్సరం మీ అందరి ఇండ్ల పెద్దలకు ఆరోగ్యాన్ని, ప్రయాణపు ఓపికను, పిల్లలకు తాము నివసించే ఊరిమీద ప్రేమను ప్రసాదించుగాక.